పికిల్‌బాల్ ప్యాడిల్

పికిల్‌బాల్ ప్యాడిల్ అనేది పికిల్‌బాల్ ఆటలో బంతిని కొట్టడానికి ఉపయోగించే చదునైన బ్యాటు. దీనికి టెన్నిస్, బ్యాడ్మింటన్ రాకెట్ల వలె తీగల అల్లిక ఉండదు. పరిమాణంలో ఇది టేబుల్ టెన్నిస్ బ్యాటు కంటే పెద్దది, టెన్నిస్ రాకెట్ కంటే చిన్నది. తొలినాళ్ళలో ప్లైవుడ్‌తో తయారైన ఈ ప్యాడిల్ నేడు కార్బన్ ఫైబర్, ఫైబర్ గ్లాసు, పాలిమర్ వంటి పదార్థాలతో తయారవుతున్నది. బరువు, ఆకారం, మందం, ఉపరితలం, పిడి అనే ఐదు అంశాలు దీని స్వభావాన్ని నిర్ణయిస్తాయి. ఈ ఐదింటిలో దేనిని పెంచినా మరొక గుణం కొంత తగ్గుతుంది. అందువలన అందరికీ సరిపోయే ఉత్తమమైన ప్యాడిల్ అంటూ ఏదీ లేదు. ఆటగాని శైలికి, శరీర స్థితికి తగినదే ఉత్తమమైనది.

చరిత్ర

పికిల్‌బాల్ 1965 వేసవిలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బైన్‌బ్రిడ్జ్ ద్వీపంలో పుట్టింది. జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్, బార్నీ మెక్‌కల్లమ్ అనే మిత్రులు దీనిని రూపొందించారు. ప్రిచర్డ్ ఇంటి ఆవరణలో ఒక పాత బ్యాడ్మింటన్ కోర్టు ఉండేది. బ్యాడ్మింటన్ ఆడడానికి కావలసిన సామగ్రి పూర్తిగా దొరకకపోవడంతో వారు టేబుల్ టెన్నిస్ బ్యాట్లతో, రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతితో ఆడడం మొదలుపెట్టారు. ఆ బ్యాట్లు ఈ ఆటకు చాలకపోవడంతో మెక్‌కల్లమ్ తన ఇంట్లోని రంపపు యంత్రంపై ప్లైవుడ్‌ను కోసి పెద్ద ప్యాడిళ్ళను తయారుచేశాడు. పికిల్‌బాల్ కోసమే తయారైన తొలి ప్యాడిళ్ళు ఇవే.

సుమారు రెండు దశాబ్దాల పాటు చెక్క ప్యాడిళ్ళే వాడుకలో ఉన్నాయి. 1984లో బోయింగ్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన ఆర్లెన్ పరాంటో, విమానాల లోపలి నేలకు వాడే తేనెపట్టు నిర్మాణపు పలకలతో తొలి మిశ్రమ పదార్థపు ప్యాడిల్‌ను తయారుచేశాడు. రెండు పలుచని గట్టి పొరల మధ్య తేనెపట్టు వంటి గదులను ఉంచితే తక్కువ బరువుతోనే ఎక్కువ దృఢత్వం వస్తుంది. విమానయానంలో ప్రయోజనకరమైన ఈ గుణమే ప్యాడిల్‌కు కూడా ఉపయోగపడింది. నేటి ప్యాడిళ్ళలో అత్యధిక భాగం ఇదే సూత్రంపై ఆధారపడి ఉన్నాయి.

ఆట స్వరూపం

ప్యాడిల్ ఎంపిక ఆట స్వరూపంతో ముడిపడి ఉంది. పికిల్‌బాల్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. ఇది బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతతో సమానం. వల ఎత్తు అంచుల వద్ద 36 అంగుళాలు, మధ్యలో 34 అంగుళాలు. వలకు రెండు వైపులా 7 అడుగుల మేర ఉన్న ప్రాంతంలో నిలబడి బంతిని నేలకు తగలక ముందే కొట్టకూడదు. ఈ ప్రాంతాన్ని కిచెన్ అని పిలుస్తారు. సర్వీసును, దానికి వచ్చే జవాబును కూడా బంతి ఒకసారి నేలపై పడిన తరువాతనే ఆడాలి.

ఈ నియమాల వలన ఆటలో రెండు భిన్నమైన పనులు ఏర్పడ్డాయి. మొదటిది, కోర్టు వెనుక గీత నుండి బంతిని వేగంగా కొట్టడం. దీనిని డ్రైవ్ అంటారు. రెండవది, బంతిని ప్రత్యర్థి కిచెన్‌లో మెత్తగా పడేటట్లు జారవిడవడం. కిచెన్ గీత వద్ద నుండి ఇలా ఆడితే డింక్ అని, వెనుక గీత నుండి మూడవ దెబ్బగా ఆడితే థర్డ్ షాట్ డ్రాప్ అని అంటారు. మొదటి పనికి బంతిని బలంగా తిప్పికొట్టే ప్యాడిల్ కావాలి. రెండవ పనికి బంతి వేగాన్ని తనలో ఇముడ్చుకునే ప్యాడిల్ కావాలి. ఒకే ప్యాడిల్ ఈ రెండింటినీ సమానంగా చేయలేదు. ఎంపికలోని చిక్కు అంతా ఇక్కడే ఉన్నది.

నిర్మాణం

ప్యాడిల్‌లో ప్రధానంగా నాలుగు భాగాలు ఉంటాయి.

* కోర్: ఇది లోపలి పొర. ప్రస్తుతం ఎక్కువగా పాలీప్రొపైలీన్ అనే పాలిమర్‌తో చేసిన తేనెపట్టు గదుల కోర్‌ను వాడుతున్నారు. ఇది మెత్తగా, తక్కువ శబ్దంతో పనిచేస్తుంది. అంతకు పూర్వం వాడుకలో ఉన్న నోమెక్స్ కోర్ గట్టిది, ఎక్కువ శబ్దం చేస్తుంది. అల్యూమినియం కోర్ కూడా కొంతకాలం వాడుకలో ఉండేది. ఇటీవల ఫోమ్ కోర్ గల ప్యాడిళ్ళు కూడా వచ్చాయి.
* ముఖం: బంతి తగిలే పై పొర. ఫైబర్ గ్లాసు కొంత వంగి తిరిగి యథాస్థితికి వస్తుంది కనుక బంతికి వేగాన్ని ఇస్తుంది. కార్బన్ ఫైబర్, గ్రాఫైట్ దానికంటే గట్టివి. ఇవి దెబ్బను ముఖమంతటా పరచి బంతి దిశపై అదుపును ఇస్తాయి. పైన రంగు పూయని గరుకైన కార్బన్ ఫైబర్ ముఖం బంతిని పట్టి తిప్పడానికి తోడ్పడుతుంది.
* అంచు పట్టీ: ప్యాడిల్ నేలకు తగిలినపుడు లోపలి పొరలు విడిపోకుండా కాపాడుతుంది.
* పిడి: చేతితో పట్టుకునే భాగం. దీనిపై మెత్తని గ్రిప్ చుట్టి ఉంటుంది.

తయారీ పద్ధతి కూడా ముఖ్యమైనదే. విడివిడి పొరలను జిగురుతో అంటించడం పాత పద్ధతి. అచ్చులో ఉంచి వేడితోను, ఒత్తిడితోను ఒకే ముక్కగా రూపొందించి, అంచుల వెంట ఫోమ్ నింపడం తరువాత వచ్చిన పద్ధతి. దీనిని థర్మోఫార్మింగ్ అంటారు. ఇలా తయారైన ప్యాడిళ్ళు గట్టిగా ఉండి బంతిని ఎక్కువ వేగంతో పంపుతాయి.

నియమాలు

అమెరికాలో ఆటను నిర్వహించే యు.ఎస్.ఏ. పికిల్‌బాల్ సంస్థ నియమాల ప్రకారం ప్యాడిల్ పొడవు 17 అంగుళాలకు మించరాదు. అంచు పట్టీతో, పిడి చివరి మూతతో కలిపి పొడవు, వెడల్పుల మొత్తం 24 అంగుళాలకు మించరాదు. బరువుకు, మందానికి పరిమితి లేదు. ముఖంపై రంధ్రాలు, రబ్బరు, గరుకు కాగితం వంటివి ఉండకూడదు. ముఖం గరుకుదనాన్ని కూడా పరికరాలతో కొలుస్తారు. బంతి ప్యాడిల్ నుండి ఎంత వేగంతో తిరిగి వస్తుందో కొలిచే ఒక కొత్త పరీక్షను ఈ సంస్థ 2024లో ప్రవేశపెట్టింది.

పొడవు వెడల్పుల మొత్తంపై ఉన్న పరిమితి ఎంపికకు సంబంధించిన ముఖ్యమైన నియమం. 16 అంగుళాల పొడవు గల ప్యాడిల్ వెడల్పు 8 అంగుళాల వరకు ఉండవచ్చు. పొడవును 16.5 అంగుళాలకు పెంచితే వెడల్పు 7.5 అంగుళాలకు తగ్గక తప్పదు. అంటే అందుబాటు పెరిగితే వైశాల్యం తగ్గుతుంది. ఈ రాజీని తయారీదారు కాక నియమమే విధిస్తున్నది.

ప్యాడిల్ గుణాలు

బరువు

ఎక్కువ ప్యాడిళ్ళు 210 నుండి 240 గ్రాముల మధ్య ఉంటాయి. బరువైన ప్యాడిల్ బంతిని బలంగా నెడుతుంది, ఎదురు వచ్చే వేగవంతమైన బంతికి చలించదు. తేలికైన ప్యాడిల్‌ను కిచెన్ గీత వద్ద త్వరగా కదపవచ్చు. కాని వేగంగా వచ్చే బంతికి అది చేతిలో అదురుతుంది.

మొత్తం బరువు కంటే ఆ బరువు ఎక్కడ ఉన్నదనేది ముఖ్యం. ప్యాడిల్‌ను ఊపినపుడు కలిగే భారాన్ని స్వింగ్ వెయిట్ అంటారు. ఇది పిడి వద్ద ఉన్న అక్షం నుండి దూరం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఉదాహరణకు 4 గ్రాముల బరువును అక్షం నుండి 36 సెంటీమీటర్ల దూరంలో, అనగా ప్యాడిల్ కొనకు అంటిస్తే స్వింగ్ వెయిట్ సుమారు 5.2 కిలోగ్రాము-చదరపు సెంటీమీటర్లు పెరుగుతుంది. అదే బరువును 15 సెంటీమీటర్ల దూరంలో, పిడి పైభాగాన అంటిస్తే 0.9 మాత్రమే పెరుగుతుంది. తక్కెడలో రెండూ ఒకే బరువు తూగినా చేతికి కలిగే భారంలో దాదాపు ఆరు రెట్ల తేడా ఉన్నది. ఈ కారణంగానే సమాన బరువు గల రెండు ప్యాడిళ్ళలో ఒకటి తేలికగాను, మరొకటి బరువుగాను తోచవచ్చు.

ఆకారం

* వెడల్పు ప్యాడిల్: సుమారు 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉంటుంది. దీని స్వీట్ స్పాట్, అనగా బంతి సరిగా తగిలితే మంచి ఫలితమిచ్చే భాగం, పెద్దది. బంతి మధ్యభాగానికి కాస్త పక్కన తగిలినా ప్యాడిల్ చేతిలో మెలితిరగదు.
* పొడవు ప్యాడిల్: సుమారు 16.5 అంగుళాల పొడవు, 7.5 అంగుళాల వెడల్పు ఉంటుంది. దూరపు బంతులను అందుకోవచ్చు. కొన వద్ద వేగం ఎక్కువ కనుక డ్రైవ్‌కు బలం, బంతికి స్పిన్ పెరుగుతాయి. కాని గురి తప్పిన దెబ్బకు ఇది ఎక్కువగా మెలితిరుగుతుంది.
* మధ్యస్థ ప్యాడిల్: పై రెండింటికీ నడుమ ఉంటుంది. దీనిని హైబ్రిడ్ అంటారు.

మందం

కోర్ మందం సాధారణంగా 13 నుండి 16 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. 16 మి.మీ. కోర్ దెబ్బలోని శక్తిలో ఎక్కువ భాగాన్ని ఇముడ్చుకుంటుంది. అందువలన డింక్, డ్రాప్ వంటి మెత్తని దెబ్బలు వల దాటి ఎక్కువ ఎత్తు లేవవు. 13 లేదా 14 మి.మీ. కోర్ బంతిని త్వరగా, వేగంగా తిప్పి పంపుతుంది.

పిడి

పిడి చుట్టుకొలత సాధారణంగా 4 నుండి 4.5 అంగుళాల మధ్య ఉంటుంది. ప్యాడిల్‌ను పట్టుకున్నపుడు వేళ్ళ కొనలకు, అరచేతికి మధ్య రెండవ చేతి చూపుడు వేలు ఇమిడేంత చోటు ఉండాలి. చోటు లేకపోతే పిడి సన్ననిదని, మరీ ఎక్కువైతే లావైనదని గ్రహించాలి. సన్నని పిడి మణికట్టు కదలికకు అనుకూలం. అయితే మరీ సన్ననిదైతే జారకుండా గట్టిగా బిగించవలసి వచ్చి ముంజేతి కండరాలు అలసిపోతాయి. సన్నని పిడిని పై గ్రిప్ చుట్టి లావు చేయవచ్చు. లావు పిడిని సన్నగా చేయడం కష్టం. కనుక సందేహమున్నపుడు చిన్న కొలతను ఎంచుకోవడం మేలు. రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ ఆడేవారికి 5.5 అంగుళాలు లేదా అంతకంటే పొడవైన పిడి అవసరం.

ఆట శైలిని బట్టి ఎంపిక

ఆటగాడు తనకు నచ్చిన దెబ్బను బట్టి కాక, తాను పాయింట్లు ఎక్కడ కోల్పోతున్నాడో దానిని బట్టి ప్యాడిల్‌ను ఎంచుకోవడం సమంజసం. బలంగా కొట్టడం ఇష్టపడేవారు తరచుగా మరింత బలమిచ్చే ప్యాడిల్‌ను కొంటారు. అయితే వారి బంతులు ఇప్పటికే వెనుక గీత దాటి పోతున్నట్లయితే ఆ ప్యాడిల్ లోపాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు.

* అదుపుతో ఆడేవారు: కిచెన్ గీత వద్ద ఓపికగా డింక్ ఆడి, ప్రత్యర్థి పొరపాటు కొరకు వేచి ఉండేవారికి 16 మి.మీ. మందం, వెడల్పు లేదా మధ్యస్థ ఆకారం, కార్బన్ ముఖం గల ప్యాడిల్ తగినది.
* బలంతో ఆడేవారు: డ్రైవ్‌తో పాయింటు ముగించేవారికి పొడవైన, 14 మి.మీ. మందం గల, బరువు కొన వైపు ఉన్న ప్యాడిల్ అనుకూలం. వీరి మెత్తని దెబ్బలు బలహీనంగా ఉంటే పొడవైన ఆకారాన్నే ఉంచుకొని మందాన్ని 16 మి.మీ.కు పెంచుకోవచ్చు.
* స్పిన్‌పై ఆధారపడేవారు: గరుకైన కార్బన్ ముఖం, పొడవైన ఆకారం ఎంచుకుంటారు. అయితే ప్యాడిల్‌ను కింది నుండి పైకి వేగంగా ఊపగల నేర్పు లేకపోతే గరుకు ముఖం వలన ప్రయోజనం స్వల్పం.
* చేతి వేగంతో ఆడేవారు: వల వద్ద బంతిని గాలిలోనే ఎదురెదురుగా కొట్టుకునే పోరులో నెగ్గేవారికి స్వింగ్ వెయిట్ తక్కువగా ఉన్న ప్యాడిల్ కావాలి.
* సింగిల్స్ ఆడేవారు: కోర్టు అంతా ఒక్కరే కాపాడాలి కనుక అందుబాటు, వెనుక గీత నుండి బలం అవసరం. పొడవైన ప్యాడిల్ మేలు.
* కొత్తగా నేర్చుకునేవారు: బంతి ప్రతిసారీ ముఖం మధ్యలో తగలదు కనుక పెద్ద స్వీట్ స్పాట్ గల వెడల్పు ప్యాడిల్, 16 మి.మీ. మందం, 220 నుండి 230 గ్రాముల బరువు సరిపోతాయి. ఖరీదైన ప్యాడిల్ అవసరం లేదు. మొదటి నెలలలో ఆట శైలి ఇంకా ఏర్పడి ఉండదు.

ఇతర ఆటల నుండి వచ్చేవారు

టెన్నిస్ ఆడినవారికి సుమారు 300 గ్రాముల రాకెట్ అలవాటు. వారికి పొడవైన పిడి, పొడవైన ఆకారం సహజంగా అమరుతాయి. అయితే వారి పెద్ద ఊపుకు ఈ కోర్టు చిన్నది కనుక బలమిచ్చే ప్యాడిల్ కంటే అదుపునిచ్చేది మేలు. టేబుల్ టెన్నిస్ ఆడినవారు పొట్టి పిడిని, విశాలమైన ముఖాన్ని ఇష్టపడతారు. కొందరు చూపుడు వేలిని ముఖంపై ఆనించి పట్టుకుంటారు.

బ్యాడ్మింటన్ నుండి వచ్చేవారి విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. హైదరాబాదు వంటి బ్యాడ్మింటన్ కేంద్రాలలో పికిల్‌బాల్ మొదలుపెట్టినవారిలో వీరు కూడా ఉన్నారు. బ్యాడ్మింటన్ రాకెట్ 80 నుండి 90 గ్రాములు, షటిల్ సుమారు 5 గ్రాములు. పికిల్‌బాల్ ప్యాడిల్ దానికి రెండున్నర రెట్ల బరువు. బంతి 22 నుండి 26.5 గ్రాములు, అనగా షటిల్‌కు నాలుగైదు రెట్ల బరువు. షటిల్‌ను కొట్టినట్లుగా ముంజేతిని ఒక్కసారిగా తిప్పి ఈ బంతిని పదేపదే కొడితే మోచేతి వెలుపలి స్నాయుబంధాలపై భారం పడుతుంది. రాకెట్‌కు దగ్గరగా ఉంటుందని మరీ తేలికైన ప్యాడిల్‌ను ఎంచుకోవడం దీనికి పరిష్కారం కాదు. తేలికైన ప్యాడిల్ అదురును చేతికి ఎక్కువగా చేరవేస్తుంది. మధ్యస్థ బరువు, తక్కువ స్వింగ్ వెయిట్, దళసరి కోర్ గల ప్యాడిల్‌తో మొదలుపెట్టి, భుజం నుండి కొట్టడం నేర్చుకోవడం సురక్షితం.

మోచేతి నొప్పి ఉన్నవారు

మోచేతి వెలుపలి భాగంలో కలిగే నొప్పిని టెన్నిస్ ఎల్బో అంటారు. టెన్నిస్ ఆడకపోయినా ఇది రావచ్చు. ప్యాడిల్‌ను అతిగా బిగించి పట్టుకోవడం, బంతి స్వీట్ స్పాట్‌కు దూరంగా తగలడం, కొన వైపు అతి భారం ఇందుకు దోహదం చేస్తాయి. ఈ నొప్పి ఉన్నవారికి పాలిమర్ కోర్, 16 మి.మీ. మందం, వెడల్పు ఆకారం, సరైన కొలత గల మెత్తని గ్రిప్ అనుకూలం. నొప్పి కొనసాగుతున్నపుడు ప్యాడిల్ మార్చి ఆడుతూ ఉండడం కంటే విశ్రాంతి తీసుకొని వైద్యుని సంప్రదించడం మంచిది.

ఎంపిక క్రమం

అన్ని అంశాలను ఒకేసారి పోల్చడం గందరగోళానికి దారి తీస్తుంది. మార్చడానికి వీలులేని గుణాలను ముందుగాను, తరువాత సరిదిద్దుకోగల వాటిని చివరగాను నిర్ణయించుకోవడం సులభం.

# ఆకారం, మందం: కొన్న తరువాత వీటిని మార్చలేము.
# పిడి పొడవు: ఇదీ మారదు. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ఆడతారో లేదో ముందే చూసుకోవాలి.
# ముఖం: స్పిన్ అవసరాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.
# పిడి చుట్టుకొలత: పెంచవచ్చు, తగ్గించలేము.
# బరువు: పెంచవచ్చు, తగ్గించలేము. కనుక కావలసిన దానికంటే కొద్దిగా తేలికైనది కొనడం మేలు.

బరువు పెంచడానికి సీసపు పట్టీని గాని, టంగ్‌స్టన్ పట్టీని గాని అంచుల వెంట అంటిస్తారు. కొనకు అంటిస్తే బలం, ఇరు పక్కల అంటిస్తే నిలకడ పెరుగుతాయి. సీసం విషపదార్థం కనుక దానిని తాకిన తరువాత చేతులు కడుక్కోవాలి. పిల్లలు వాడే ప్యాడిళ్ళకు టంగ్‌స్టన్ పట్టీ మేలు.

కొనే ముందు వీలైతే ప్యాడిల్‌ను అరువు తీసుకొని రెండు మూడు రోజులు ఆడి చూడాలి. మొదటి పది నిముషాలలో ఏ కొత్త ప్యాడిల్ అయినా బాగున్నట్లే తోస్తుంది. గంట ఆట తరువాత, చేయి అలసినపుడు వెనుక గీత నుండి పది డ్రాప్‌లు ఆడి వాటిలో ఎన్ని కిచెన్‌లో పడ్డాయో లెక్కించడం నమ్మదగిన పరీక్ష. పాత ప్యాడిల్‌తోను ఇదే లెక్క తీసి పోల్చాలి.

జీవితకాలం, సంరక్షణ

ప్యాడిల్ శాశ్వతం కాదు. గరుకు ముఖం ఆడేకొద్దీ నునుపెక్కుతుంది, స్పిన్ తగ్గుతుంది. కోర్ గదులు నలిగినా, ముఖం కోర్ నుండి విడిపోయినా బంతి అసాధారణ వేగంతో తిరిగి రావచ్చు. ఇది ఆటగానికి లాభంగా కనిపించినా, అటువంటి ప్యాడిల్‌ను పోటీలలో అనుమతించరు. వల వద్ద కొద్ది అడుగుల దూరంలో నిలబడిన ప్రత్యర్థి కంటికి, ముఖానికి అది ప్రమాదకరం కూడా. ముఖాన్ని అక్కడక్కడ వేలితో తట్టి చూసినపుడు ఒకచోట శబ్దం భిన్నంగా వినిపిస్తే ఈ లోపాన్ని అనుమానించవచ్చు.

ప్యాడిల్‌ను ఎండలో నిలిపిన కారులో ఉంచరాదు. వేడికి పాలిమర్, జిగురు మెత్తబడతాయి. చెమట ఎక్కువగా పట్టే ప్రాంతాలలో పై గ్రిప్‌ను తరచుగా మార్చుకోవాలి. జారే గ్రిప్ వలన చేతి బిగువు పెరుగుతుంది, దానితో మోచేతిపై భారం కూడా పెరుగుతుంది.

భారతదేశంలో

భారతదేశానికి ఈ ఆటను పరిచయం చేసినవాడు ముంబైకి చెందిన సునీల్ వలవల్కర్. ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌కు 2025లో కేంద్ర ప్రభుత్వ క్రీడల మంత్రిత్వ శాఖ జాతీయ క్రీడా సమాఖ్యగా గుర్తింపునిచ్చింది. పోటీలలో ఆడదలచినవారు ఆ పోటీ నిర్వాహకులు ఏ ఆమోదిత జాబితాను పాటిస్తున్నారో తెలుసుకొని, ప్యాడిల్ పేరు, నమూనా రెండూ ఆ జాబితాలో ఉన్నవో లేవో చూసుకోవాలి. ఒకసారి ఆమోదం పొందిన నమూనా కూడా తరువాత తొలగింపబడవచ్చు. 2024లో అమెరికాలో ఇటువంటి తొలగింపులు జరిగాయి. ప్యాడిల్‌పై ముద్రించిన ఆమోద చిహ్నం ఒక్కటే చాలదు.